ఫ్రిజ్ కోసం పుట్టిన పంపు రియాక్టర్ దాకా ఎలా వెళ్లింది? లియో సిలార్డ్ పని గురించి

కావలి_భౌతికం:

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పాను. ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధన వచ్చినప్పుడల్లా మూడు వేళ్లు చాపి, చూపుడువేలు అయస్కాంత క్షేత్రం, మధ్యవేలు విద్యుత్ ప్రవాహం, బొటనవేలు తీగ కదిలే దిక్కు అని చూపించేవాణ్ణి. ఒక ఏడు ఒక అమ్మాయి లేచి "తీగ బదులు కరిగిన లోహం ఉంటే సార్?" అని అడిగింది. "అదీ కదులుతుందమ్మా" అని పాఠంలోకి వెళ్లిపోయాను. ఆ పిల్ల అడిగినదానికి అసలు జవాబు ఒక ఫ్రిజ్ దగ్గర మొదలై అణు రియాక్టర్ దాకా వెళ్తుందని రిటైరయ్యాక చదువుకుంటే తెలిసింది.

లియో సిలార్డ్ అంటే గొలుసు చర్య (ఒక అణు కేంద్రకం చీలినప్పుడు వచ్చే న్యూట్రాన్లు మరికొన్నిటిని చీల్చుకుంటూ పోవడం) ఊహించినవాడు, 1939లో అణుబాంబు గురించి హెచ్చరిస్తూ అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి ఐన్‌స్టైన్ సంతకంతో వెళ్లిన ఉత్తరం వెనకున్న మనిషి. మన పుస్తకాల్లో ఆయన గురించి ఇంతకు మించి ఉండదు. ఆయన కనిపెట్టిన యంత్రాల మాట ఎక్కడా రాదు. 1898లో బుడాపెస్ట్‌లో పుట్టాడు, బెర్లిన్‌లో చదివాడు, అక్కడే ఐన్‌స్టైన్‌కి దగ్గరయ్యాడు. 1926 ప్రాంతంలో పేపర్లో ఒక వార్త వచ్చింది. బెర్లిన్‌లో ఒక కుటుంబం, పిల్లలతో సహా, ఫ్రిజ్ పంపు సీలు నుంచి కారిన విషవాయువు పీల్చి నిద్రలోనే పోయింది. ఆ రోజుల్లో ఫ్రిజ్‌ల్లో తిరిగేవి అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్. ఈ వార్త ఐన్‌స్టైన్‌ని కలచివేసింది. అప్పటికి ఆయనకి నోబెల్ వచ్చి అయిదేళ్లు దాటలేదు, ఆయన కూర్చుని ఫ్రిజ్ గురించి ఆలోచించాడు!

సిలార్డ్ ఆయనతో కలిశాడు. వాళ్లిద్దరి తర్కం సూటిగా ఉంది. కదిలే ఇరుసు ఉంటే సీలు కావాలి. సీలు ఉంటే ఏదో ఒకరోజు కారుతుంది. కాబట్టి కదిలే ఇరుసే వద్దు. దీనికోసం రకరకాల నమూనాలు గీశారు, ఆరు దేశాల్లో 45కి పైగా పేటెంట్ దరఖాస్తులు పెట్టారు. వాటిలో ఒకటే విద్యుదయస్కాంత పంపు. గట్టిగా మూసేసిన స్టీలు గొట్టం, లోపల ద్రవ లోహం, బయట చుట్టూ కాయిల్స్. కాయిల్స్‌లో కరెంటు వరసగా మారుతుంటే అయస్కాంత క్షేత్రం గొట్టం వెంట పాకుతుంది, లోపలి లోహం దాని వెనకే పరిగెడుతుంది. ఆ లోహమే పిస్టన్‌లా ఫ్రిజ్ గ్యాసుని నొక్కుతుంది. బెర్లిన్‌లో ఏఈజీ కంపెనీ దీన్ని తయారుచేసింది. 1931 జులై 31 నుంచి ఒక పూర్తి ఫ్రిజ్ నడిచింది కూడా. తర్వాత ఆర్థిక మాంద్యం దెబ్బకి 1932లో ఆ పని ఆపేశారు. ఫ్రిజ్‌గా అది ఒక్క ఇంటికీ చేరలేదు.

పంపు మాత్రం బతికింది. ఆ సంగతి మాట్లాడుకుందామనే ఈ చర్చ మొదలుపెట్టాను. తెలిసినవాళ్లు కలపండి, నేను తప్పు చెబితే దిద్దండి.

చల్లగాలి_బెజవాడ:

మాస్టారూ, నమస్కారం. నేను ఇరవై రెండేళ్లుగా ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తున్నాను. అంతకు ముందు మూడేళ్లు ఐస్ ఫ్యాక్టరీలో హెల్పర్‌ని. సీలు అన్నారు కదా, ఆ మాట చదవగానే నాకు ఐస్ ఫ్యాక్టరీ వాసన వచ్చినట్టయింది. అక్కడ అమ్మోనియా కంప్రెసర్‌ని బెల్టుతో తిప్పుతారు. మోటారు బయట, గ్యాసు లోపల. ఇరుసు గోడ దాటి బయటికి రావాలి, ఆ దాటే చోటే గ్లాండ్ ప్యాకింగ్, అంటే గ్యాసు కారకుండా ఇరుసు చుట్టూ బిగించే సీలు. ఎంత బిగించినా కొంచెం కారుతూనే ఉంటుంది. మరీ బిగిస్తే ఇరుసు వేడెక్కి అరిగిపోతుంది, వదులు చేస్తే కళ్లమ్మట నీళ్లు. మా పెద్ద మేస్త్రి పొద్దున్నే లోపలికి రాగానే ముందు ముక్కుతో వాసన చూసేవాడు, ఆ తర్వాతే మీటరు వైపు చూసేవాడు. అందుకని ఆ ఇద్దరు పెద్దవాళ్లు ఎక్కడ చెయ్యి పెట్టారో నాకు బాగా అర్థమైంది. సరిగ్గా జబ్బు ఉన్నచోటే పెట్టారు.

కానీ ఒక మాట. ఇంట్లో ఫ్రిజ్ జబ్బుకి మందు వేరే దారిలో దొరికింది. మోటారుని, కంప్రెసర్‌ని రెండింటినీ ఒకే ఇనప డబ్బాలో పెట్టి వెల్డింగ్ చేసేశారు. ఇరుసు బయటికి రాదు కాబట్టి సీలు అక్కర్లేదు. కరెంటు తీగలు మాత్రమే గోడ దాటతాయి. ఇప్పుడు మీ ఫ్రిజ్ వెనక నల్లగా గుండ్రంగా కనపడేది అదే. దాంతోపాటు ఫ్రియాన్ అనే గ్యాసు వచ్చింది, పాతవాటిలా కొంచెం కారితేనే ప్రాణం తీసే విషం కాదు. ఈ రెండూ వచ్చాక ద్రవ లోహం పంపు ఎవరికి కావాలి? మాంద్యం లేకపోయినా అది అమ్ముడుపోయేది కాదని నా అనుమానం. ఎంత చప్పుడు చేసేదో కూడా చెప్పండి. మా వ్యాపారంలో ఫ్రిజ్ గుర్‌మంటే చాలు, ఫోన్ వస్తుంది.

కావలి_భౌతికం:

చప్పుడు చాలానే. అది నక్కలా ఊళ పెట్టేదని డెన్నిస్ గాబర్ చెప్పాడు. ఆయనా హంగరీవాడే, తర్వాత హోలోగ్రఫీకి నోబెల్ అందుకున్నాడు. కాయిల్స్ పెంచి, వోల్టేజీ సర్ది చప్పుడు తగ్గించారు గాని వంటింట్లో పెట్టుకునేంత కాదు. ఫ్రిజ్‌గా ఓడిపోయిందన్న మీ మాట ఒప్పుకుంటున్నాను. మోటారుని కూడా డబ్బాలో పెట్టి మూసేశారన్న సంగతి నేనెప్పుడూ ఈ కోణంలో ఆలోచించలేదు. జబ్బు ఒకటే, మందులు రెండు.

సందేహాల_పుట్ట:

నేను బీటెక్ రెండో ఏడు. మూడు డౌట్లు ఉన్నాయి సార్.

పాకే అయస్కాంత క్షేత్రం అంటే ఇండక్షన్ మోటారులో ఉండే తిరిగే క్షేత్రమేనా? రెండోది, రియాక్టర్‌ని చల్లబరచడానికి నీళ్లు ఉండగా లోహం ఎందుకు? మూడోది, సిలార్డ్ తనే రియాక్టర్‌లో ఈ పంపు పెడదామన్నాడా, లేక వేరేవాళ్లు తర్వాత వాడుకున్నారా?

కావలి_భౌతికం:

మొదటిది: అవును, అదే. ఇండక్షన్ మోటారు స్టేటర్‌ని, అంటే చుట్టూ కదలకుండా ఉండే కాయిల్స్ భాగాన్ని, ఒకచోట కోసి, చాపలా నేలమీద పరిచావనుకో. తిరిగే క్షేత్రం కాస్తా ఒకే దిక్కుకి పాకే క్షేత్రం అవుతుంది. మధ్యలో తిరిగే రోటర్ స్థానంలో ద్రవ లోహం. దాంట్లో కరెంటు పుడుతుంది, ఆ కరెంటుని క్షేత్రం నెడుతుంది. లోహాన్ని ఏ వస్తువూ తాకదు.

రెండోది: నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయి. రియాక్టర్ వేడిలో మరగకుండా ఆపాలంటే వాతావరణ పీడనానికి నూటయాభై రెట్లు బిగించి ఉంచాలి, అందుకే మందమైన ఉక్కు పాత్రలు. సోడియం 98 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 883 దాకా మరగదు. ఆ మధ్యలో ఎక్కడైనా మామూలు పీడనంలోనే పని చేయించుకోవచ్చు. వేడి దాని గుండా నీటిలోకంటే సుమారు వంద రెట్లు బాగా పాకుతుంది. పైగా న్యూట్రాన్ల వేగాన్ని నీళ్లలా తగ్గించదు. వేగంగా పరిగెత్తే న్యూట్రాన్లతో నడిచే ఫాస్ట్ రియాక్టర్‌కి నీళ్లు పనికిరానిది అందుకే.

మూడోది: తనే అన్నాడు. అదే ఈ కథలో నాకు ఇష్టమైన భాగం. 1942లో చికాగోలో మన్‌హట్టన్ ప్రాజెక్టు (అమెరికా అణుబాంబు కార్యక్రమం) కింద, బాంబుకి కావలసిన ప్లుటోనియం తయారుచేసే రియాక్టర్ కట్టాలి. దాన్ని దేనితో చల్లబరచాలన్నదాని మీద పెద్ద గొడవ. ఇంజనీర్లు హీలియం వాయువు అన్నారు. యూజీన్ విగ్నర్ నీళ్లు అన్నాడు. సిలార్డ్ కరిగిన బిస్మత్ అన్నాడు. దాన్ని తిప్పడానికి తన ఫ్రిజ్ పంపు సిద్ధంగా ఉందన్నాడు. పదేళ్ల కిందట బెర్లిన్‌లో వదిలేసిన వస్తువుని బుర్రలో మోసుకుంటూ సముద్రం దాటాడు.

చికాగో_తెలుగు:

నేను యూనివర్సిటీ ఆఫ్ చికాగోకి దగ్గర్లోనే ఉంటాను. మొదటి రియాక్టర్ 1942 డిసెంబర్ 2న నడిచిన చోట ఇప్పుడు హెన్రీ మూర్ చేసిన కంచు శిల్పం ఉంది, ఎల్లిస్ అవెన్యూ పక్కన. మా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తుంటాను. ఆ మొదటి రియాక్టర్‌కి శీతలీకరణే లేదు మాస్టారూ. అంత తక్కువ శక్తితో నడిపారు కాబట్టి సరిపోయింది.

సిలార్డ్‌ని ఎంత మెచ్చుకున్నా విగ్నర్‌కి అన్యాయం జరగకూడదు. విగ్నర్‌ని అందరూ సైద్ధాంతిక భౌతికవేత్త అంటారు. కానీ ఆయన చదివింది కెమికల్ ఇంజనీరింగ్. వాళ్ల నాన్న తోలు శుద్ధిచేసే కర్మాగారం నడిపేవాడు, కొడుకు అందులో పనికొస్తాడని ఆ చదువు చదివించాడు. గొట్టాలు, తుప్పు, నీళ్ల ఒత్తిడి ఇవన్నీ ఆయనకి కొత్త కాదు. 1943 జనవరి నాటికి ఆయన బృందం నీటి రియాక్టర్ డిజైన్ అందించింది, ఫిబ్రవరిలో డూపాంట్ కంపెనీ హీలియం వదిలేసి నీటి వైపు వచ్చింది. హాన్‌ఫర్డ్‌లో బీ రియాక్టర్ అదే. గ్రాఫైట్ దిమ్మలో 2,004 గొట్టాలు, వాటిలోంచి కొలంబియా నది నీళ్లు. 1944 సెప్టెంబర్ 26న మొదలైంది. యుద్ధంలో రెండేళ్లలో పని కావాలంటే ఎవరూ ఎన్నడూ తిప్పి చూడని బిస్మత్ కంటే నది నీళ్లే సరైన ఎంపిక. నా ఉద్దేశంలో సిలార్డ్ ఈ వాదనలో ఓడిపోవడమే న్యాయం.

ఇంకో సంగతి చెప్పాలి. మొదట్లో నీళ్లు వద్దన్నదానికి కారణం నీళ్లు న్యూట్రాన్లని మింగేస్తాయని. గొలుసు చర్య అంచుమీద నడుస్తున్నప్పుడు ఆ నష్టం భరించలేరు. గ్రాఫైట్ శుద్ధంగా దొరికితే ఆ నష్టాన్ని తట్టుకునే వెసులుబాటు వస్తుంది. మామూలు గ్రాఫైట్‌లో బోరాన్ కలిసి ఉంటుందని, అదే న్యూట్రాన్లని తినేస్తుందని గుర్తుపట్టి, బోరాన్ లేని గ్రాఫైట్ కోసం తయారీదారుల వెంటపడ్డది ఎవరు? సిలార్డే. తన పోటీదారు నీటి రియాక్టర్‌కి దారి వేసినవాడు ఒక రకంగా ఆయనే. జర్మనీలో ఇదే చోట దెబ్బతిన్నారు. అక్కడి కొలతలు గ్రాఫైట్ పనికిరాదని చూపించేసరికి భారజలం (బరువైన హైడ్రోజన్ ఉన్న నీళ్లు) వైపు వెళ్లిపోయారు.

కావలి_భౌతికం:

మంచి మాట చెప్పారు బాబూ. బిస్మత్ గురించి మీరు అనని ఇంకో ఇబ్బంది కూడా నేనే చెబుతాను. బిస్మత్ ఒక న్యూట్రాన్‌ని తీసుకుంటే కొద్ది రోజుల్లో పొలోనియం-210 అవుతుంది. అది మహా విషం. సోవియట్ వాళ్లు సీసం-బిస్మత్ మిశ్రమంతో జలాంతర్గాములు నడిపారు. చాలా వేగంగా వెళ్లేవి, కానీ ఆ మిశ్రమం 125 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఒడ్డున ఆగి ఉన్నప్పుడూ దాన్ని వేడిగా ఉంచాల్సిందే. రియాక్టర్ ఆపి పడుకుందామంటే కుదరదు. 1943లో సిలార్డ్ మాట విని ఉంటే హాన్‌ఫర్డ్ ఇంజనీర్లు ఈ తలనొప్పులన్నీ ఒకేసారి నేర్చుకోవాల్సి వచ్చేది.

అయినా లోహం అన్న ఆలోచన తప్పు కాదు. తప్పు లోహాన్ని తప్పు సమయంలో ఎంచుకున్నాడు, అంతే. 1951 డిసెంబర్ 20న ఐడహో ఎడారిలో ఈబీఆర్-1 అనే చిన్న రియాక్టర్ నాలుగు బల్బులు వెలిగించింది. దాంట్లో తిరిగింది సోడియం-పొటాషియం మిశ్రమం, బెర్లిన్ ఫ్రిజ్‌లో తిరిగిన ఆ మిశ్రమమే. మామూలు గది వేడిమికే ద్రవంగా ఉంటుంది. అక్కడి ఏర్పాటు మన ఇళ్లలో లాంటిదే. పైన ఓవర్‌హెడ్ ట్యాంకు. అందులోంచి లోహం తన బరువుతోనే రియాక్టర్‌లోకి దిగుతుంది, అక్కడి వేడి తీసుకుని, బయట ఇచ్చేసి కింది ట్యాంకులో చేరుతుంది. కింద నుంచి పైకి మళ్లీ ఎక్కించేది విద్యుదయస్కాంత పంపు.

సోడియం_పాతకాపు:

మాస్టారికి నమస్కారాలు. ఇన్నాళ్లూ చదివి ఊరుకునేవాణ్ణి, ఈసారి ఊరుకోలేకపోయాను. సోడియం లూపుల మీద, అంటే కరిగిన సోడియం తిరిగే గొట్టాల వలయాల మీద, పనిచేసి రిటైరయ్యాను. ఎక్కడన్నది వద్దులెండి. సోడియంతో పనిచేయడమంటే ఏమిటో బయట చాలామందికి తెలియదు, అందుకే రాస్తున్నాను.

మొదటి పాఠం: లూపు నింపే ముందే గొట్టాలన్నీ వేడిచెయ్యాలి. గొట్టం పొడవునా హీటర్లు చుట్టి, పైన ఇన్సులేషన్ వేసి, అంతటా 150 డిగ్రీలు దాటిందని థర్మోకపుల్స్ (వేడికి కొద్దిగా కరెంటు పుట్టించి దాన్ని కొలిచే తీగల జతలు) చెప్పాకే సోడియం వదులుతాం. ఒక్క మూల చల్లగా ఉన్నా అక్కడ గడ్డకట్టి దారి మూసేస్తుంది. గాలి తగలకూడదు కాబట్టి పైన ఎప్పుడూ ఆర్గాన్. గాలి తగిలితే అంటుకుంటుంది, నీళ్లు తగిలితే హైడ్రోజన్ పుట్టి పేలుతుంది. అందుకే మా మంటలార్పే మనుషులు నీళ్ల గొట్టాన్ని ముట్టరు, పొడి రసాయనమే చల్లుతారు.

రెండోది: ఆక్సిజన్ ఎంత ఆపినా కొంచెం చేరుతుంది. దాన్ని తీయడానికి కోల్డ్ ట్రాప్ ఉంటుంది. సోడియంని ఒక పాత్రలోకి పంపి 120 డిగ్రీల దాకా చల్లబరిస్తే మలినం ఆక్సైడుగా విడిపోయి లోపలి జాలీకి అంటుకుంటుంది, శుభ్రమైన సోడియం వెనక్కి వెళుతుంది. నెయ్యి కాచినప్పుడు గోదారి అడుక్కి దిగినట్టన్నమాట. ఈ పక్క లైన్లలో సోడియం తిప్పేది విద్యుదయస్కాంత పంపులే. రాత్రి షిఫ్టులో పక్కన నిలబడితే సన్నగా హమ్ వినిపిస్తుంది తప్ప ఊళ లేదు. సిలార్డ్, ఐన్‌స్టైన్‌ల పేటెంట్ గురించి నాకు మా సీనియర్ ఒకాయన టీ తాగుతూ చెప్పారు. నేను నమ్మలేదు, ఆయన లైబ్రరీకి తీసుకెళ్లి బొమ్మ చూపించారు. మేం రోజూ చూసే యాన్యులర్ పంపు అది. మధ్యలో గొట్టం, చుట్టూ కాయిల్స్. పెద్ద తేడా లేదు.

మూడోది మెకానిక్ గారికి నచ్చుతుంది. కొన్ని సోడియం వాల్వులకి సీలు ఏమిటో తెలుసాండీ? సోడియమే. కాడ చుట్టూ చల్లగా ఉంచితే అక్కడి సోడియం గడ్డకట్టి తనే సీలవుతుంది. ఫ్రోజెన్ సీల్ వాల్వు అంటాం. కారబోయేదాన్నే కాపలా పెట్టడం.

పంపుని తిరగేస్తే మీటరు. గొట్టానికి రెండు వైపులా శాశ్వత అయస్కాంతం పెట్టి సోడియం పరిగెడుతుంటే, గొట్టం గోడల మీద కొద్ది మిల్లీవోల్టులు పుడతాయి. ఎన్ని మిల్లీవోల్టులైతే అంత ప్రవాహం. దానికీ కదిలే భాగం లేదు.

చల్లగాలి_బెజవాడ:

కారబోయేదాన్నే కాపలా పెట్టడం! ఈ మాట రేపు మా కుర్రాళ్లకి చెబుతాను. కానీ పెద్దాయనా, పక్క లైన్లలో అన్నారు. మరి అసలు లైన్లో? రియాక్టర్ మధ్యలోంచి సోడియం తిప్పే పెద్ద పంపులు కూడా ఇవేనా? సీలు లేదు, బేరింగు లేదు, చప్పుడు తగ్గింది. అన్ని చోట్లా ఇవే పెట్టుండాలి కదా?

సోడియం_పాతకాపు:

లేదండీ. అడగాల్సిన ప్రశ్నే అడిగారు. కల్పాక్కం ఎఫ్‌బీటీఆర్ 1985 అక్టోబర్ 18న మొదలైంది, దాని పెద్ద పంపులు మామూలు సెంట్రిఫ్యూగల్ పంపులే, అంటే చక్రం తిప్పి నెట్టేవే. పక్కనే కట్టిన 500 మెగావాట్ల పీఎఫ్‌బీఆర్‌లో ప్రైమరీ పంపులు రెండు, అవీ తిరిగేవే. నిలువుగా పొడవాటి ఇరుసు, కింద ఇంపెల్లర్ సోడియంలో మునిగి ఉంటుంది, పైన మోటారు చల్లటి చోట. ఇరుసు సీలు సోడియంని తాకదు, ఆర్గాన్‌నే తాకుతుంది. అంటే అక్కడ సీలు సమస్యని ఇంకో దారిలో తప్పించారు.

ఎందుకంటే, ఒకటి కరెంటు ఖర్చు. మంచి మెకానికల్ పంపు ఇచ్చిన కరెంటులో ముప్పాతిక వంతు దాకా పనికి తెస్తే, విద్యుదయస్కాంత పంపు సగం కూడా తేలేదు. చిన్న లైన్లో ఫరవాలేదు, పెద్ద లైన్లో భరించలేం.

రెండో కారణం ఇంకా ముఖ్యం. కరెంటు పోయిందనుకోండి. తిరిగే పంపుకి ఇరుసు మీద బరువైన ఫ్లైవీల్ ఉంటుంది. మోటారు ఆగినా చక్రం వెంటనే ఆగదు, నెమ్మదిగా తగ్గుతూ ఇంకా తిరుగుతుంది. పీఎఫ్‌బీఆర్‌లో ప్రవాహం సగానికి తగ్గడానికి 8 సెకన్లు పట్టేలా చక్రం బరువు లెక్కగట్టారు. ఆ సెకన్లలో న్యూట్రాన్లని మింగే కంట్రోల్ రాడ్లు లోపలికి పడిపోతాయి, గొలుసు చర్య ఆగుతుంది, వేడి ఒక్కసారిగా పడిపోతుంది. విద్యుదయస్కాంత పంపులో కరెంటు పోతే క్షేత్రం పోతుంది, క్షేత్రం పోతే తోపు పోతుంది, అదే క్షణంలో. కదిలే భాగం లేదు కాబట్టి కదులుతూ ఉండిపోయేదీ లేదు. సిలార్డ్ ఫ్రిజ్‌కి గుణమైనది ఇక్కడ లోపమైంది.

చికాగో_తెలుగు:

ఇది నాకు తెలీదు. మోటారు సైకిల్ ఇంజను కట్టేసినా బండి కొంతదూరం వెళుతుంది, అలాంటిదన్నమాట.

అయితే ఎక్కడైనా ప్రధాన పంపుగా వాడారా? నాకు తెలిసి అంతరిక్షంలో వాడారు. 1965 ఏప్రిల్‌లో అమెరికా ఎస్‌నాప్-10ఏ అనే రియాక్టర్‌ని కక్ష్యలోకి పంపింది. సోడియం-పొటాషియం, విద్యుదయస్కాంత పంపు. రియాక్టర్ వేడి నుంచి థర్మోకపుల్స్‌తో పుట్టిన కరెంటే పంపుని నడిపింది. 43 రోజులు పనిచేసి, రియాక్టర్‌తో సంబంధంలేని కరెంటు లోపంతో ఆగిపోయింది. బేరింగు మార్చడానికి ఎవరూ వెళ్లలేని చోట కదిలే భాగం లేకపోవడమే కావాలి కదా.

కావలి_భౌతికం:

పాతకాపు గారూ, ఫ్లైవీల్ సంగతి చదివి నేను చాలాసేపు ఆలోచించాను. నా మొదటి పోస్టులో "పంపు బతికింది" అని కాస్త గర్వంగా రాశాను. మీరు చెప్పాక దాని స్థానం సరిగ్గా అర్థమైంది. అది పెద్ద గుండె కాదు, చుట్టూ ఉన్న చిన్న నాళాలు. అలా రాసి ఉండాల్సింది.

కానీ కరెంటు పోతే ఏమిటన్న ప్రశ్న సిలార్డ్ దగ్గర ఆగదు. రాడ్లు పడ్డాక కూడా రియాక్టర్ వేడి పూర్తిగా పోదని పిల్లలకి అర్థమయ్యేలా చెప్పాలి. ముక్కలైన కేంద్రకాలు ఇంకా కిరణాలు విడుస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో పూర్తి శక్తిలో 6, 7 శాతం. గంట తర్వాత ఒకటిన్నర శాతం దగ్గర. రోజు తర్వాత అర శాతం దగ్గర. శాతాలు చిన్నవే, కానీ దేనిలో శాతం అన్నది చూడాలి. ఫుకుషిమాలో 2011 మార్చి 11న గొలుసు చర్య సరిగ్గానే ఆగింది. ఈ మిగులు వేడిని తీసే పంపులకి కరెంటు లేక రియాక్టర్లు కరిగాయి.

దీనికి సోడియం ఇచ్చిన జవాబు 1986లో కనిపించింది. ఐడహోలో ఈబీఆర్-2 అని ఇంకో ఫాస్ట్ రియాక్టర్ ఉండేది. ఏప్రిల్ 3న పూర్తి శక్తితో నడుస్తుండగా కావాలనే పంపులు ఆపేశారు, రాడ్లు పడకుండా కూడా చేశారు. వేడి పెరిగింది, లోహ ఇంధనం, చుట్టూ ఉన్న ఉక్కు వ్యాకోచించాయి, న్యూట్రాన్లు ఎక్కువగా బయటికి పోయాయి, శక్తి దానంతటదే పడిపోయింది. మిగులు వేడిని సోడియం తన సహజ ప్రవాహంతో మోసింది. వేడెక్కింది పైకి, చల్లారింది కిందికి. అదే రోజు మధ్యాహ్నం వేడి తీసుకెళ్లే రెండో వలయాన్ని కూడా ఆపేసి చూశారు, మళ్లీ తనే సర్దుకుంది. మూడు వారాలకి చెర్నోబిల్ జరిగింది, ఈ ప్రయోగాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

కదిలే భాగం లేని పంపు దగ్గర మొదలై, పంపే అక్కర్లేని శీతలీకరణ దగ్గరికి వచ్చాం.

సోడియం_పాతకాపు:

ఈబీఆర్-2లో ఒక చిన్న సహాయక పంపు ఉండేది మాస్టారూ, విద్యుదయస్కాంత పంపే, బ్యాటరీ మీద నడిచేది. పెద్ద పంపులు ఆగిపోతే అది కొంచెం ప్రవాహం ఇస్తుంది. ఫ్లైవీల్ లేని లోటుని బ్యాటరీ తీర్చింది. కనుక సిలార్డ్ పంపుని పూర్తిగా కొట్టేయకండి.

పీఎఫ్‌బీఆర్‌లో మిగులు వేడికి నాలుగు ప్రత్యేక సోడియం వలయాలు ఉన్నాయి, ఒక్కోటి 8 మెగావాట్లు తీయగలదు. సోడియం సహజంగా తిరుగుతుంది, పైన పొడవాటి పొగగొట్టం లాంటి దాంట్లో గాలి దాన్ని చల్లబరుస్తుంది. గాలి తలుపులు తెరుచుకుంటే చాలు, పంపు లేదు, ఫ్యాను లేదు.

అయితే సోడియం వస్తే భయాలు పోయాయని ఎవరూ అనుకోవద్దు. 1966లో డెట్రాయిట్ దగ్గర ఫెర్మి-1లో పంపులు బాగానే తిరిగాయి. ఒక జిర్కోనియం రేకు ఊడి సోడియం దారికి అడ్డుపడితే ఇంధనం కరిగింది. 1995 డిసెంబర్‌లో జపాన్ మోంజులో థర్మోకపుల్ తొడుగు ప్రవాహపు అదురుకి విరిగి, వందల కిలోల సోడియం కారి అంటుకుంది. ఎవరికీ కిరణాలు తగల్లేదు, కానీ ఆ రియాక్టర్ మళ్లీ కోలుకోలేదు. రెండు చోట్లా తప్పు చేసింది పంపు కాదు, ఎవరూ పెద్దగా పట్టించుకోని చిన్న ముక్క.

రణస్థలం_టీచర్:

నేను సైన్సు టీచర్ని, మాది శ్రీకాకుళం జిల్లా. కొవ్వాడ మాకు దగ్గరే. అక్కడ ఆరు ఏపీ1000 రియాక్టర్లు పెడతారని ఏళ్లుగా వింటున్నాం, ఊళ్లు ఖాళీ చేయించే మాటలు వింటున్నాం. మీ అందరి మాటలు శ్రద్ధగా చదివాను. చాలా నేర్చుకున్నాను. ఇప్పుడు నా ప్రశ్న.

అది సోడియం కాదు, నీటి రియాక్టర్ అని తెలుసు. కరెంటు లేకపోయినా 72 గంటలు దానంతటదే చల్లబడుతుందని సభల్లో చెబుతున్నారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా చుట్టాల ఊళ్లో కరెంటు మూడు రోజుల్లో రాలేదు. కొబ్బరి చెట్లు, స్తంభాలు రోడ్డుకి అడ్డంగా పడి ఉన్నాయి. 72 గంటలు అంటే మూడు రోజులు. నాలుగో రోజు ఏమిటి? ఇది భయంతో అడగడం లేదు, వ్యతిరేకించాలనీ కాదు. నాకు లెక్క కావాలి. క్లాసులో పిల్లలు అడుగుతున్నారు.

కావలి_భౌతికం:

అమ్మా, మీరు అడిగినది ఈ చర్చలో అన్నిటికంటే మంచి ప్రశ్న. నీటి రియాక్టర్ల గురించి పాతకాపు గారు నాకంటే బాగా చెబుతారు.

సోడియం_పాతకాపు:

టీచరమ్మా, ముందు మన దేశంలో జరిగిన ఒకటి చెబుతాను. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్ నరోరా అణు విద్యుత్ కేంద్రంలో టర్బైన్ రెక్కలు విరిగి, హైడ్రోజన్ అంటుకుని, కేబుళ్లు కాలిపోయాయి. 17 గంటలు స్టేషన్‌లో కరెంటు లేదు. అప్పుడు కాపాడినవి రెండు. భారజలం ఇంధనం దగ్గర వేడెక్కి పైకి, స్టీమ్ జనరేటర్లలో చల్లారి కిందికి, తనంతట తనే తిరిగింది. ఆ స్టీమ్ జనరేటర్లకి నీళ్లు ఇచ్చింది మంటలార్పే డీజిల్ పంపులు. చీకట్లో టార్చిలైట్లు పట్టుకుని వాల్వులు చేత్తో తిప్పిన మనుషులు కూడా ఉన్నారు. సహజ ప్రవాహం అన్నది పుస్తకంలో మాటే కాదు, మన దగ్గర పనిచేసి చూపించింది. కానీ ఆఖర్న చల్లటి నీళ్లు ఎవరో ఒకరు అందించాలి.

ఏపీ1000లో రియాక్టర్ చుట్టూ ఉక్కు పీపా లాంటి కంటైన్‌మెంట్ (రక్షణ కవచం) పైన పెద్ద నీళ్ల ట్యాంకు ఉంటుంది. అవసరమైతే వాల్వులు తెరుచుకుని నీళ్లు ఉక్కు గోడ మీద పొరలా జారతాయి, ఆవిరై వేడి తీసుకెళ్తాయి. ఆ ట్యాంకు 72 గంటలకి. ఆ తర్వాత ఆవరణలోనే ఇంకో ట్యాంకు నుంచి, చిన్న డీజిల్ జనరేటర్, చిన్న పంపుతో పై ట్యాంకు నింపుతారు. అది ఇంకో నాలుగు రోజులకి. మొత్తం ఏడు రోజులు. ఆ పైన బయట నుంచి రావాలి.

ఇప్పుడు లెక్క. పూర్తి శక్తి 3,400 మెగావాట్ల ఉష్ణం. మూడు రోజుల తర్వాత మిగులు వేడి అర శాతం కంటే తక్కువ, 15 మెగావాట్లు అనుకుందాం. ఒక కిలో నీళ్లని వేడిచేసి ఆవిరి చేయడానికి సుమారు 2.6 మెగాజౌళ్లు. సెకనుకి ఆరు కిలోల లోపు, అంటే గంటకి 20 టన్నులు చిల్లర. రోజులు గడిచేకొద్దీ ఇంకా తగ్గుతుంది.

చల్లగాలి_బెజవాడ:

పది వేల లీటర్ల ట్యాంకరు గంటకి రెండు. రాత్రీ పగలూ. మా వీధికి వేసవిలో వచ్చే ట్యాంకరు అదే సైజు.

రణస్థలం_టీచర్:

ఒక రియాక్టర్‌కి గంటకి రెండు. ఆరు రియాక్టర్లకి పన్నెండు. అన్నీ ఒకే తుపానులో ఉంటాయి కదా, ఒకటే రోడ్డు మీద.

ధన్యవాదాలు పెద్దాయనా. ఈ లెక్క రేపు బోర్డు మీద వేయిస్తాను. తరవాత సభ పెట్టినప్పుడు ఆ ట్యాంకు సైజు, ఆ చిన్న పంపు ఎంత ఎత్తున పెడతారు, ఎనిమిదో రోజు నీళ్లు ఏ దారిన వస్తాయి, ఈ మూడూ రాసుకుని వెళ్లి అడుగుతాను.

సోడియం_పాతకాపు:

అడగండమ్మా. పంపు ఎత్తు తప్పకుండా అడగండి. ఫుకుషిమాలో చాలా జనరేటర్లు నేలమాళిగలో ఉండే మునిగాయి.

సందేహాల_పుట్ట:

టీచర్ గారూ, ఆరు రియాక్టర్లకీ రోజుల వారీగా వేడి ఎలా తగ్గుతుందో గ్రాఫ్ నేను వేసి ఇక్కడ పెడతాను. మాస్టారూ, అర శాతం కాకుండా గంట గంటకీ విలువ కావాలంటే ఏ సూత్రం వాడాలి?

కావలి_భౌతికం:

ఆపి ఎన్ని సెకన్లయిందో దాన్ని మైనస్ 0.2 ఘాతానికి ఎత్తి, పూర్తి శక్తితో, 0.066తో గుణించు. రియాక్టర్ అంతకుముందు ఎంతకాలం నడిచిందన్న దాన్ని బట్టి ఇంకో పదం తీసేయాలి, అది కూడా ఇదే రూపంలో ఉంటుంది. ముందు ఇది వేసి చూపించు, తీసేయాల్సింది తర్వాత నేర్పిస్తాను.